ఏడో నంబరు బంతి

"ఇవి ఇంకోసారి కాస్త తుడిచిపెట్టు. ఆదివారం మ్యూజియం ఆవిడ వస్తోంది" అని మా ఆయన పదహారు బంతుల పెట్టెని తెచ్చి వంటింటి గట్టు మీద, ఉల్లిపాయల బుట్ట పక్కన పెట్టారు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి ఒకసారి వెనక్కి తిరిగి చూశారు. ఎంత మెత్తని చూపో! నా కోసమేమోనని గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. నా కోసం కాదు, బంతుల కోసం. "పొయ్యి వేడి తగలకుండా చూడు" అన్నారు.

పాత బిలియర్డ్స్ బంతులు పోగుచెయ్యడం ఆయన సరదా. ఆడటం రాదు. కర్ర పట్టుకోవడమే రాదు. ఎక్కడ పాత క్లబ్బు మూతపడినా, ఎవరి మేడలో సామాను అమ్మేస్తున్నా అక్కడికి పరిగెత్తుతారు. ఏనుగు దంతంతో చేసినవి, మట్టితో చేసినవి, సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌తో చేసినవి, అన్నీ ఉన్నాయి. ఆయన కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతారు కానీ మా ఇంట్లో చరిత్ర అంతా గుండ్రంగానే ఉంటుంది. ఉన్న రెండు గదుల్లో ఒకటి పూర్తిగా ఆ బంతులదే. ఎండ పడకుండా దళసరి తెరలు, తేమ చూడటానికి గోడకి ఒక మీటరు, ఒక్కో బంతికి ఒక్కో మెత్తని గూడు. నేను ఇరవై ఏళ్ళుగా బీరువా వెనక నిలబడి బట్టలు మార్చుకుంటున్నాను.

చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, నాకు ఆ బంతులంటే అసూయ. సవతి అయితే జుట్టు పట్టుకుని పోట్లాడొచ్చు. వీటికి జుట్టు కూడా లేదాయె. ఆయన వాటిని రెండు చేతుల్లోకి తీసుకుని, వెలుగులో తిప్పి, బొటనవేలితో మెల్లగా నిమురుతుంటే పక్కగదిలో నా ఒళ్ళు మండిపోయేది. పోయిన వానాకాలం నాకు వారం రోజులు జ్వరం వస్తే గుమ్మంలోంచే "మాత్ర వేసుకున్నావా?" అని అడిగిన మనిషి, అదే వారం దంతం బంతి మీద వెంట్రుకంత చీలిక కనిపించిందని సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నారు. మా అత్తగారికి ఫోన్లో చెబితే ఆవిడ నవ్వేసింది. "మగాడన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుందమ్మా. తాగుతున్నాడా, తిరుగుతున్నాడా? ఏవో గుళ్ళు దొర్లించుకుంటున్నాడు. నువ్వు అదృష్టవంతురాలివి." ఆ అదృష్టాన్ని ఏం చేసుకోవాలో తెలియక ఫోన్ పెట్టేశాను.

నా పని కూడా చెప్పాలి. నేను పళ్ళు చేస్తాను. డాక్టర్లు పంపే అచ్చుల్లోంచి కట్టుడు పళ్ళు తయారుచేసే చిన్న ల్యాబులో మధ్యాహ్నం దాకా ఉద్యోగం. ఒక మనిషి నోట్లో మిగిలిన పన్ను రంగుకి కొత్త పన్ను రంగు కలపాలి. తెలుపంటే తెలుపు కాదు, అందులో కాస్త పసుపు, కాస్త బూడిద, చిగురు దగ్గర ఒక రంగు, కొసకి ఒక రంగు. ఎక్కడ అతికించామో ఎవరికీ కనబడకపోతేనే మేం బాగా చేసినట్టు. ఎవరికీ కనబడదు కాబట్టి ఆ నవ్వులన్నీ డాక్టరుగారి ఖాతాలోకే పోతాయి. "ఏం చేతులండీ మీవి!" అని పేషెంట్లు ఆయనకి దణ్ణం పెడతారట. ఈ విషయం ఆయనే మా ల్యాబుకి వచ్చి సంతోషంగా చెప్పి వెళ్తాడు.

మూడేళ్ళ కిందట మా ఆయన ఒక పసుపు బంతిని డ్రిల్లుకి తగిలించిన నూలు చక్రం మీద పెట్టి మెరిపించబోయి, కాల్చేశారు. సెల్యులాయిడ్ ఇట్టే భగ్గుమంటుంది, ఇంకాస్త ఉంటే ఇల్లే అంటుకునేది. బంతి మీద గోధుమరంగు మచ్చ పడింది, ఆయన రెండు రోజులు తిండి ముట్టలేదు. చూడలేక నేనే ఆ మచ్చ గీకి, రంగు కలిపి నింపి, చేత్తో రుద్ది సాపు చేసి గూట్లో పెట్టేశాను. ఆయన చూసి "పర్లేదే, బాగానే తుడిచావు" అన్నారు. అప్పటినుంచి విరిగినవీ, పగిలినవీ, మరకలు పట్టినవీ అన్నీ నా గట్టు మీదకే వచ్చాయి. దాని పేరు మా ఇంట్లో తుడవడం. గిన్నెలు తుడవడం, గచ్చు తుడవడం, బంతులు తుడవడం.

ఈ పెట్టెలో బంతులు సెల్యులాయిడ్‌వి. ఇంటికి వచ్చినప్పుడు పొగాకు మసి పట్టి నల్లగా ఉన్నాయి. ఏడో నంబరు బంతి మరీ అన్యాయం. మెరూన్ రంగుది, ఒక పక్క చిటికెనవేలి గోరంత పెచ్చు ఊడిపోయి, దాంతోపాటు అంకె తోక కూడా పోయింది. ఆ మెరూన్ దొరకడానికి నాకు నలభై రోజులు పట్టింది. పొద్దున కిటికీ దగ్గర కలిసిందనుకున్న రంగు సాయంత్రం దీపం కింద వేరుగా కనిపించేది. తీసేసి మళ్ళీ కలిపేదాన్ని. పొయ్యి మీద పాలు పొంగిపోయి ఎన్నిసార్లు మాటలు పడ్డానో. మసి వదిలించడం ఇంకో యజ్ఞం. సబ్బు పడదు, స్పిరిట్ పడదు, థిన్నరు తగిలితే బంతే కరిగిపోతుంది. మా ల్యాబులో పెద్దావిడ ఎప్పుడో చెప్పిన కిటుకు గుర్తొచ్చింది. మనిషి ఉమ్మిని మించిన మందు లేదు. పుల్లకి దూది చుట్టి, నాలిక మీద తడిపి, నాణెమంత చోటు రుద్ది, ఆ పుల్ల పారేసి ఇంకోటి. అలా పదహారు బంతులు. మా ఆయనకి ఆ చెత్తబుట్ట నిండా పుల్లలు కనబడ్డాయి, పక్కన నేను రంగు కలిపే చాకు తుడుచుకునే థిన్నరు సీసా కనబడింది. దేంతో చేశావని మాత్రం అడగలేదు.

అన్నీ అయ్యాక ఆయన ఫోటోలు తీసి మ్యూజియానికి పంపారు. పాతకాలపు ఆటల ప్రదర్శన పెడుతున్నారట. అక్కడినుంచి ఆవిడ మొదలైంది. "మేడమ్" అంటారు ఆయన. సాయంత్రం ఆరున్నరకి ఫోను. ఆయన గది తలుపు దగ్గరగా వేసుకుని, కుర్చీ వెనక్కి వాల్చి నవ్వేవారు. ఆ నవ్వు నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో రెండేళ్ళపాటు అది నాది. ఒకరోజు ఉండబట్టలేక "అంతసేపు ఏం మాట్లాడతారండీ?" అని అడిగాను. "నీకు అర్థం కాదులే. అంతా టెక్నికల్" అన్నారు. మర్నాడు కొత్త చొక్కా కొన్నారు. ఆ రాత్రంతా నేను ఆవిడకి రూపం కడుతూనే ఉన్నాను. పొడుగు మెడ, పలచని పెదాలు, చెవులకి చిన్న రాళ్ళు. పాడుబుద్ధి అని తిట్టుకుంటూనే జడ కూడా నేనే వేశాను.

గురువారం నాడు టీ కప్పు పట్టుకుని ఆ తలుపు దగ్గరికి వెళ్ళాను. లోపల ఆయన గొంతు. "అంతా నా చేతి పనే మేడమ్. ఆర్నెల్లు పట్టింది. ద్రావణం నేనే కలుపుకుంటాను. ఫార్ములా మాత్రం అడక్కండి." మళ్ళీ ఆ నవ్వు. నేను అక్కడే ఆగిపోయాను. అప్పటిదాకా నా కడుపులో మండింది ఒక మంట. ఇది వేరే. మొగుణ్ణి ఎత్తుకుపోతే పోనీ అనిపించింది, ఒట్టు. ఇద్దరూ కలిసి నా ఏడో నంబరుని ఎత్తుకుపోతున్నారు.

ఆ పూట భోజనాల దగ్గర ఆయనే చెప్పారు. అద్దాల పెట్టె పక్కన ఒక కార్డు పెడతారట. దాని మీద రెండు గీతలు. 'సేకరణ' అని ఒకటి, 'పునరుద్ధరణ' అని ఇంకోటి. రెండిట్లోనూ ఆయన పేరే. ఆ ప్రదర్శన అయ్యాక ఆ కార్డు మ్యూజియం పుస్తకంలోకి ఎక్కుతుందట, ఎప్పటికీ ఉంటుందట. నేను మాట తేలిగ్గా వచ్చేలా చూసుకుని "మరి నా పేరో?" అన్నాను. ఆయనకి నిజంగానే ఆశ్చర్యం వేసింది. "నీ పేరెందుకే? తుడిచినవాళ్ళ పేర్లన్నీ రాస్తారా ఎక్కడైనా?" అని పచ్చడి గిన్నె ఇటు జరపమన్నారు. జరిపాను.

ఆదివారం పదకొండింటికి ఆవిడ వచ్చింది. నేను కట్టిన రూపం గుమ్మంలోనే కూలిపోయింది. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, అందులో సగం నెరిసింది. గోళ్ళ అంచుల్లో ఎంత కడిగినా పోని నలుపు. నా గోళ్ళలాంటివే అనుకుని చేతులు వెనక్కి దాచుకున్నాను. నాకు నమస్కారం పెట్టి కూర్చుంది. మా ఆయన కొత్త చొక్కాలో చరిత్ర అందుకున్నారు. ఏ కాలంలో దంతం కరువైంది, సెల్యులాయిడ్ ఎప్పుడొచ్చింది, అంతా. ఆవిడ వింటూనే ఏడో నంబరు తీసి భూతద్దం పెట్టింది. ఒక పక్కకి తిప్పింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. మళ్ళీ దీపం కిందికి తెచ్చింది.

"అతుకు ఎక్కడుందండీ?" అంది.

"అదే మరి" అని మా ఆయన నవ్వారు.

"నా దగ్గరా ఒకటుంది" అని ఆవిడ సంచిలోంచి మెత్తని గుడ్డ మూట తీసింది. నాలుగో నంబరు, ఊదారంగు బంతి, మసి పట్టి. "దీని సెట్టులో మిగిలింది ఇదొక్కటే. మసి వదిలించడానికి నాకు చెయ్యి రావట్లేదు, భయంగా ఉంది. ఫార్ములా చెప్పొద్దు లెండి. ఒక మూల కాస్త చేసి చూపించండి చాలు."

నేను వంటింటి గుమ్మంలో ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాను. "ఏమోయ్, ఆ సీసా ఎక్కడ పెట్టావ్?" అని మా ఆయన కేకేశారు. ఏ సీసా అని అడగబోయాను. ఆయనే లేచి వచ్చి, గట్టు మీద చూసి, థిన్నరు సీసా తీసుకుని వెళ్ళారు. పుల్లకి దూది చుట్టడం కూడా రాలేదు, వదులుగా వేలాడుతోంది. మూత తిప్పారు. ఘాటు వాసన.

చెప్పొద్దూ, నా లోపల ఎవరో గట్టిగా అరిచారు: కరగనీ. ఆవిడ ముందే, ఆ కొత్త చొక్కా ముందే కరగనీ. ఊదారంగు దూదికి అంటుకుని జిగురులా సాగనీ. ఆరున్నర ఫోన్లూ, ఆ నవ్వులూ, ఆ ఫార్ములా అన్నీ కలిసి కరగనీ. నేను నోరు మూసుకుంటే చాలు. నోరు మూసుకోవడం నాకు కొత్త కాదు కదా. ఆయన పుల్ల తడిపారు. బంతిని ఎడమచేతిలోకి తీసుకున్నారు. అప్పుడు దాని మీద మసి కింద నాలుగు అంకె వంపు కాస్త కనబడింది. ఎవరో నూరేళ్ళ కింద చేత్తో దిద్దిన అంకె. ఎవరో పేరు కూడా తెలియదు, పాపం.

ట్రే ఎక్కడ పెట్టానో గుర్తులేదు. వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"అది థిన్నరు. పెట్టారంటే కరిగిపోతుంది."

"నువ్వు దీంతోనేగా..." అని ఆగిపోయారు. సగం మాటే, కానీ బయటికి వచ్చేసింది.

ఆవిడ బంతిని ఆయన చేతిలోంచి తీసుకుని నా చేతిలో పెట్టింది. "మరి దేంతో చేశారమ్మా?"

"ఉమ్మితో" అన్నాను.

మా ఆయన మొహం చూడాలి! మర్యాదస్తుల ముందు ఆ మాట ఎలా అన్నానా అని కుంచించుకుపోయారు. ఆవిడ మాత్రం పకపకా నవ్వింది. "మేమూ అంతేనమ్మా! మధ్యాహ్నం అయ్యేసరికి నోరు పిడచకట్టుకుపోతుంది. అందుకే బల్ల మీద నీళ్ళ సీసా పెట్టుకుంటాను" అంది. బల్ల ఎక్కడని అడిగాను. ఉత్తరం కిటికీ దగ్గరట, ఎండ సూటిగా పడదట. తన ఎత్తుకి సరిపోయేలా కాళ్ళు కోయించుకుందట. తను పనిలో ఉన్నప్పుడు తలుపు కొట్టకుండా లోపలికి ఎవరూ రారట. ఆవిడ మామూలుగా చెబుతూ పోయింది. ఇన్నాళ్ళూ నేనేమో పొడుగు మెడనీ చెవి రాళ్ళనీ ఊహించుకుని కుళ్ళుకున్నాను. తలుపు కొట్టి రావడమట! ఈ మనిషి మీద నాకు కలిగిన అసూయ ముందు ఆ బంతుల మీద అసూయ ఎంత.

ఆవిడ సంచిలోంచి కార్డు నమూనా తీసింది. అప్పటికే అచ్చయి ఉంది, రెండు గీతల మీదా ఆయన పేరు. పెన్ను మూత తీసి మా ఇద్దరి వైపూ చూసింది.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. తెలివైన మనిషి, త్వరగానే తేరుకున్నారు. "మేడమ్, దానిదేముంది. రెండో గీత మీద మా ఆవిడ పేరు కూడా కలపండి. నా పేరు పక్కన. ఇద్దరం కలిసి చేశాం అంటే బాగుంటుంది కూడా" అని పక్కన కూర్చున్న నా భుజం మీద చెయ్యి వేశారు. వెచ్చగా ఉంది ఆ చెయ్యి. ఎన్నేళ్ళయిందో! ఆవిడకీ ఆ మాట నచ్చినట్టుంది, రాయడానికి వంగింది. నిజానికి గురువారం నాడు అడిగి ఉంటే దానికే పొంగిపోయేదాన్ని.

"ఆగండి" అన్నాను. "సేకరణ ఆయనదే. అక్కడ నా పేరు వద్దు. ఎండనక వాననక తిరిగి తెచ్చింది ఆయన. ఈ రెండో గీత మీద మాత్రం ఆ పేరు కొట్టెయ్యండి."

"అదేంటే, ఇద్దరి పేర్లూ ఉంటే తప్పేంటి? అంత పట్టింపు ఏమిటి?" అన్నారాయన. చెయ్యి ఇంకా భుజం మీదే ఉంది.

నేను ఆ చేతిని తీసి ఆయన ఒళ్ళో పెట్టి, ఆవిడకి నా పేరు చెప్పాను, ఒక్కో అక్షరం విడివిడిగా. ఆవిడ రాసేదాకా ఆగి, ఆయన వైపు తిరిగాను.

"నేను అసూయపరురాలినండీ. పంచుకోను."