కింది గట్టు

వంటిల్లు మార్పించుకునేటప్పుడు చేయకూడని తప్పులేమిటో తెలుసుకోవాలంటే దూరం పోనక్కర్లేదు, నన్ను అడిగితే చాలు. అన్నీ వరసగా చేశాను. అదీ తొందరపడి కాదు, ముప్ఫై ఏళ్లు తీరిగ్గా ఆలోచించి చేశాను.

గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ఉద్యోగం వెలగబెట్టినన్నాళ్లూ, నాంపల్లి సందులోని మా చీకటి వంటింట్లో పొద్దున్నే కుక్కర్‌తో కుస్తీ పడుతూ ఒకటే అనుకునేదాన్ని. రిటైరైన నెలలోనే దీన్ని పగలగొట్టిస్తాను అని. ఏప్రిల్‌లో రిటైరయ్యాను. మా ఆయన ప్రవీణ్ కుమార్‌కి సంగతి చెబితే “నీ ఇష్టం విక్టోరియా” అన్నాడు. పెళ్లైన దగ్గర్నుంచీ ఆయన అనే మాట అదొక్కటే, అందుకే మా కాపురం చల్లగా సాగింది.

మొదటి తప్పు డబ్బాలు. గది కొలవకుండానే బేగం బజార్ వెళ్లి ఒకే సైజు స్టీలు డబ్బాలు ఇరవై నాలుగు కొనుక్కొచ్చాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అరలు లేవు గానీ అరల్లో పెట్టేవి వచ్చేశాయి. రెండో తప్పు రంగు. ఫోన్‌లో చూసి అన్నీ తెల్లగా ఉండాలన్నాను. ఆ ఫోటోలు పసుపు వాడని ఇళ్లలో తీసినవని నాకు తట్టలేదు. మూడోది సింకు. అందంగా ఉందని ఒకదానికి అడ్వాన్సు కూడా ఇచ్చాను.

ఈ దశలో విజయేందర్ వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, చెవి మీద పెన్సిలు, వడ్రంగం పనిలో మంచి పేరు. నాకు నచ్చనిదల్లా ఆయన అడిగే ప్రశ్నలు.

“మేడమ్, మీ ఇంట్ల అందరికన్నా పెద్ద గిన్నె ఏది?”

“ఎందుకు?”

“సింకు దానితోని కొలవాలె.”

క్రిస్మస్ బిర్యానీ డేగిశా అటక మీంచి దింపాం. నేను ముచ్చటపడ్డ సింకు కొలతల్లో అది నిలువుగా పట్టలేదు, అడ్డంగా పట్టలేదు. విజయేందర్ చెవి మీది పెన్సిలు తీసి డేగిశా కొలత రాసుకున్నాడు. అది చూసి నాకు ఇంకా మండింది. డబ్బాలు చూసి మాత్రం, “గట్లయితే అరలు వీటికి తగ్గట్టే చేద్దాం తియ్యిన్రి” అన్నాడు.

తర్వాత నన్ను నిలబెట్టి మోచేతి దగ్గర టేపు పెట్టి గట్టు ఎత్తు రాసుకున్నాడు. నేను ఐదున్నర అడుగుల మనిషిని, నాకు ముప్ఫై ఐదు అంగుళాలు కావాలట. అంతా రాసుకుని కిటికీ కింద ఆగాడు. అక్కడ మోకాలి ఎత్తున ఒక పాత గట్టు ఉంది, పైన షాబాదు బండ.

“ఇది ఎవరిది?”

“మా అత్తమ్మది. ఇగ అవసరం లేదు. తీసేసి గాడ ఫ్రిజ్ పెట్టాలె.”

“పెద్దమ్మను అడిగిన్రా?”

“కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా?” అన్నాను. విజయేందర్ తలూపి ఫ్రిజ్ అని రాసుకున్నాడు.

ఆ గట్టు సంగతి చెప్పాలి. మా అత్తమ్మ జీవరత్నం మెదక్ నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. మనిషి నాలుగు అడుగుల తొమ్మిది అంగుళాలు. మా చర్చి సంఘంలో నెలకోసారి, మొదటి ఆదివారం ప్రభు బల్ల ఉంటుంది, ఏసు చివరి భోజనాన్ని తలుచుకుంటూ అందరం రొట్టె పంచుకుంటాం. ఆ బల్ల మీద పెట్టే రొట్టె నలభై ఏళ్లుగా ఆవిడే చేస్తోంది. మైదాపిండి, పాలు, చిటికెడు చక్కెర, అంతే. శనివారం మధ్యాహ్నం కింది గట్టు ముందు పీట వేసుకుని కూర్చుంటుంది. పాత ఇనప పెనం మీద, సన్నటి మంటన, ఒక్క మచ్చ పడకుండా కాల్చాలి. కన్ను పక్కకి తిప్పితే రొట్టె పాడవుతుంది. అందుకే నిలబడి చేసే పని కాదంటుంది. ఆ బండ మధ్యలో ఆవిడ పిండి పిసికిన చోట నున్నగా గుంట కూడా పడింది.

నన్ను మాత్రం ఆ పిండి దగ్గరికి ఒక్కసారి కూడా పిలవలేదు. కోడలు కూర వండొచ్చు, బిర్యానీ వండొచ్చు, రొట్టె దాకా రాకూడదు. పైకి అనలేదు గానీ ఆ ముల్లు నాలో ముప్ఫై ఏళ్లు ఉంది.

అలాగని కోపంతో గట్టు తీయించేద్దామనుకోలేదు. మా వాళ్లలో మంచి కోడలంటే అత్తగారిని వంటింట్లోంచి తప్పించి, హాల్లో కుర్చీ వేసి, చేతిలో బైబిలు పెట్టి కూర్చోబెట్టేదే. ఎనభై ఏళ్ల మనిషి చేత ఇంకా పొయ్యి దగ్గర పని చేయిస్తున్నానని చర్చిలో నలుగురూ చెవులు కొరుక్కుంటే నా పరువేం కావాలి? అందుకే ఆవిడ కోసం మెత్తటి పెద్ద కుర్చీ కూడా కొన్నాను.

“అత్తమ్మా, ఇగ మీరు రెస్ట్ తీసుకోవాలె. రొట్టె ఇంకెవరన్న చేస్తరు” అన్నాను.

“మంచిదే బిడ్డా” అంది ఆవిడ. అంతే. నేనూ అంతటితో తృప్తిపడ్డాను.

సోమవారం కూల్చడం మొదలు. దానికి ముందు శుక్రవారం మధ్యాహ్నం మా పాస్టరమ్మ యూనీస్ వచ్చింది. నిండా ముప్ఫై ఏళ్లు లేని పిల్ల. చేతిలో తెల్లగుడ్డ చుట్టిన బరువేదో ఉంది. గుమ్మంలోనే గుడ్డ విప్పింది. అత్తమ్మ ఇనప పెనం.

“ఆంటీ, పోయిన ఆదివారం అవ్వ ఇది నాకిచ్చిన్రు. ఇగ నుంచి రొట్టె నువ్వే చెయ్యమన్నరు. నాలుగుసార్లు చేసి చూసిన, నాలుగుసార్లూ మచ్చలే. గందుకే తెచ్చిన అనుకోకున్రి. ఇంకోటి చెప్పాలె.”

“చెప్పు.”

“అవ్వ నవ్వుకుంటనే ఇచ్చిన్రు. గానీ పెనం పట్టుకున్న చెయ్యి ఇడువలే. నేను గుంజుకున్నట్టు అయింది ఆంటీ. అప్పటి సంది నాకు మనసుల మంచిగ లేదు.”

పెనం అందుకుని హాల్లోకి చూశాను. అత్తమ్మ కొత్త కుర్చీలో కూర్చుని ఉంది. పాదాలు నేలకు జానెడు పైన వేలాడుతున్నాయి. ఆ కుర్చీ షాపులో నేను కూర్చుని చూసి కొన్నది, నా కాళ్లకు సరిపోయింది. నాకు సిగ్గేసింది. ఇంట్లో గిన్నె కొలిచాం, గోడ కొలిచాం, నన్ను కొలిచాం. ఈవిడని ఎవరూ కొలవలేదు.

యూనీస్ వెళ్లాక పెనం ఆవిడ ఒళ్లో పెట్టి, నేల మీద కూర్చున్నాను.

“అత్తమ్మా, కింది గట్టు ఉంచమంటరా?”

“ఉంచకపోయినా మంచిదే బిడ్డా.”

“మంచిదే అనకున్రి. కావాల్నా, వద్దా?”

ఆవిడ పెనం అంచు కొంగుతో తుడిచింది. మళ్లీ తుడిచింది.

“కావాలె” అంది.

ఈ ఇంటికి నేను వచ్చాక ఆవిడ నన్ను ఏదైనా కావాలని అడగడం అదే మొదలు. నాకు ఏడుపు వచ్చింది. దాచుకోవడానికి లేచి వెళ్లి విజయేందర్‌కి ఫోన్ చేశాను. ఫ్రిజ్ వద్దు, కింది గట్టు మూడడుగులు ఉంచి, పాత బండే మళ్లీ పరవమన్నాను.

“నేను గా బండను కదిలించకుండ్రని కూలోళ్లకు ముందే చెప్పి పెట్టిన మేడమ్. ఫ్రిజ్ పెన్సిలుతోనే రాసిన, చెరిపేస్త” అన్నాడు.

పని ఇరవై ఏడు రోజులు పట్టింది. వరండాలో ఒంటి పొయ్యి మీద వండుకున్నాం, ఓపిక లేని రోజు ఆబిడ్స్ నుంచి ఇడ్లీలు తెచ్చుకున్నాం. తెల్లరంగు పోయి గోధుమరంగు వచ్చింది, డేగిశా మునిగే సింకు వచ్చింది, ప్లగ్గులు మూడు నుంచి ఏడయ్యాయి. విజయేందర్ రోజూ అత్తమ్మని పీట మీద కూర్చోబెట్టి మోచెయ్యి కొలిచేవాడు, మోకాలు కొలిచేవాడు. ఇద్దరూ ఏవో గుసగుసలాడుకునేవారు. నేను వెళితే ఆపేసేవారు.

ఆఖరి రోజు శనివారం, మర్నాడు ప్రభు బల్ల. బ్యాంకు బుద్ధి పోదు కదా, టేపు తీసి అన్నీ సరిచూసుకున్నాను. కింది గట్టు ఐదడుగులుంది. ఆ ఎక్కువైన రెండడుగులూ నా అరల్లోంచి పోయాయి. డబ్బాలు పన్నెండే పట్టాయి.

“మూడడుగులన్న కదా విజయేందర్, ఏంది ఇది?”

“పెద్దమ్మ ఐదు చెయ్యమన్నరు.”

“ఒక్క మనిషికి ఐదడుగులు ఎందుకు?”

ఆయన పనిముట్లు సర్దుకోవడంలో పడ్డాడు. అప్పుడే అత్తమ్మ పెనం పట్టుకుని వచ్చింది. తన పీట మీద కూర్చుని, గట్టు కిందనుంచి ఇంకో పీట లాగింది. కొత్తది. ఆవిడ పీటకన్నా నాలుగు వేళ్లు ఎత్తు.

“కూసో” అంది.

“నేనా?”

“నీదే ఇది. నువ్వు వరండల కూసొని కూరగాయలు కోసేటప్పుడు విజయేందర్ కొలత తీసుకున్నడు.”

కూర్చున్నాను. మోకాళ్లు సరిగ్గా వంగాయి, పాదాలు నేలకు నిండుగా ఆనాయి. ముప్ఫై ఏళ్ల మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

“నన్ను ఇన్నేండ్లు పిండి ముట్టనియ్యలేదు కదా అత్తమ్మా?”

ఆవిడ నావైపు వింతగా చూసింది. “నేనెప్పుడు వద్దన్న బిడ్డా? శనివారం బ్యాంకు నుంచి అలిసిపోయి వస్తుంటివి. ఇంకో పని చెప్పుడు ఎందుకని నేనే పిలువలే. నువ్వు అడుగుతవేమో అని మాత్రం చూస్తుంటి.”

అడగలేదు నేను. ఆవిడా అడగలేదు. ఒకరి మీద ఒకరికి దయ ఎక్కువై ముప్ఫై ఏళ్లు పోయాయి. వంటిల్లు మార్పించుకునేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇదొక్కటే. టేపు తీసే ముందు ఇంట్లో మనిషిని నోరు తెరిచి అడగండి, మంచిదే అంటే ఇంకోసారి అడగండి.

విజయేందర్ చాయ్ తాగి వెళ్లిపోయాడు. అత్తమ్మ మంట తగ్గించి పెనం పెట్టింది. నా మొదటి రొట్టెకు రెండు మచ్చలు పడ్డాయి.

“పాడైంది” అన్నాను.

“ఎందుకు పాడైతది? ఇది మనం తిందాం” అని ఆవిడ దాన్ని చెరిసగం చేసింది. చాయ్‌లో ముంచుకుని తిన్నాం. తర్వాత పిండి గిన్నె నా వైపు జరిపి, తను కాస్త పక్కకి జరిగి కూర్చుంది.