చెంప మీద ఎండ

అమ్మానాన్నలు పోయిన నాటికి నవనీతకు ఆరేళ్లు. అక్క కౌసల్య కట్టంగూర్‌లో హైవే పక్కన మిర్చి బజ్జీల బండి పెట్టి చెల్లెలిని సాకింది, ఇంజనీరింగ్ చదివించింది. ఆ రోజుల్లోనే ఒకసారి కడాయి ఒరిగి, మరిగే నూనె కౌసల్య ఎడమ చెంపను కాల్చేసింది.

నవనీత పెళ్లి రామన్నపేట దగ్గర ఒక తోటలో, ఆరుబయట, గోధూళి ముహూర్తానికి. ఫొటోగ్రాఫర్ గిరి వారం ముందే అదే వేళకు వచ్చి ఎండ ఎటు పడుతుందో చూసుకున్నాడు. పీటలు ఎటు వేయాలో కూడా అతనే చెప్పాడు.

"ఐదున్నర నుంచి ఇరవై నిమిషాలే మంచి వెలుగు ఉంటది. తర్వాత నన్ను అనొద్దు."

పెళ్లినాడు కన్యాదానానికి కౌసల్య, ఆమె భర్త సైదులు పీటల మీద కూర్చున్నారు. గిరి కెమెరాలో చూసి, వంగి పెళ్లికూతురి చెవిలో ఏదో చెప్పాడు.

"అక్కా, ఎండ సక్కగ నీ చెంప మీదనే పడుతాంది," అంది నవనీత.

"పడనియ్. గింతసేపే గద."

"గట్ల కాదు. ఫొటోలల్ల గదే కొట్టొచ్చినట్టు కనవడ్తది. చిన్నమ్మ, చిన్నాయిన కూసుంటరు. నువ్వు జర లే."

"కన్యాదానం చేసేటోళ్లను లేపుతరానే?" అన్నాడు సైదులు.

"బావా, వెలుగు పోతాంది!" కసిరింది నవనీత.

కౌసల్య లేచింది. పక్కకు రాగానే గిరి ఆమె చేతికి వెండిరంగు అట్ట ఒకటి ఇచ్చాడు. "ఖాళీగనే ఉన్నవు గదక్కా. ఆమె మొహం మీద వెలుగు పడేటట్టు పట్టు."

పట్టింది. చెల్లెలి మొహం బంగారంలా మెరిసింది. ఎంత ముద్దుగా ఉందో అనిపించింది కౌసల్యకు. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పుస్తె కట్టడం అయింది. పెళ్లికొడుకు రాకేష్ స్నేహితురాలు ఒకామె అక్షతలు వేస్తూ, కౌసల్య చెంప చూసి, "అయ్యో, ఆమె ఎవరు?" అని అడిగింది.

"ఫొటోగ్రాఫర్ తెచ్చుకున్న మనిషి," అంది నవనీత, నవ్వు చెదరకుండా.

రాకేష్ విన్నాడు. కెమెరా వైపు తిరిగాడు.

కౌసల్య అట్టను గడ్డి మీద పెట్టి, సైదులు మోటార్‌సైకిల్ ఎక్కింది.

పొద్దుగూకాక అప్పగింతలు మొదలయ్యాయి. "ఇప్పుడు ఎండ లేదు, అక్కను రమ్మనుండ్రి. ఏడ్సే ఫొటో కావాలె," అంది నవనీత.

అప్పటికి కన్యాదానం కోసం పొద్దున్నుంచి ఒక్కపొద్దు ఉన్న ఆ ఇద్దరూ హైవే మీది హోటల్లో అన్నం ముందు కూర్చున్నారు. ఫోన్ నాలుగుసార్లు మోగింది. సైదులు ఆమె మొహంలోకి చూశాడు.

"మోగనియ్. పప్పు పొయ్యమను," అంది కౌసల్య.