పక్కతెర వెనక గొంతు

పాటలు, గారడీలు, జంతువుల ఆటలు వరసగా చూపించే మా వాడెవిల్ థియేటర్లలో ఉద్యోగం ఊడిందని ఎవరూ నోటితో చెప్పరు. సోమవారం మ్యాట్నీ అయ్యాక, గుమ్మం దగ్గర తగిలించిన ఫొటో తీసి మేనేజరు మన చేతిలో పెడతాడు. పెట్టె సర్దుకుని రైలెక్కడమే.

పందొమ్మిది వందల ఏడులో, అమెరికాలోని డేటన్ ఊళ్ళో, మేనేజరు క్రాట్జ్ నాకిచ్చింది సగం ఫొటో. అందులో నాతో జంటగా పాడే మా అక్క మారెన్ ఉంది. నా సగం గుమ్మం దగ్గరే ఉంచాడు.

"అక్క పాటకి ఏం వంక పెడతారండీ?" అన్నాను.

"పాటకి ఎవరు పెట్టారమ్మాయ్? మొదటి ఐటం కుక్కలాట. అది అయ్యేసరికి జనం ఇంకా సీట్లు వెతుక్కుంటుంటారు. వాళ్ళని కూర్చోబెట్టాల్సింది మీ పాట. ముందు కళ్ళని కూర్చోబెట్టాలి, చెవుల సంగతి తర్వాత. మీ అక్క మశూచి మచ్చలు మూడో వరస దాకా కనపడుతున్నాయి. నువ్వొక్కదానివే పాడు. కాదంటావా, నీ సగం కూడా పట్టుకుపో."

పట్టుకుపోతానని అనాల్సింది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే, పాట నేర్పింది అక్కే. "సరేనండీ" అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా వచ్చినందుకు ఈనాటికీ నా మీద నాకే అసహ్యం.

గదిలోకెళ్ళి ఆ ముక్క బల్ల మీద పెట్టాను. అక్క ఉప్పుచేప, రొట్టె తింటోంది. చెయ్యి తుడుచుకుని చూసింది.

"నయమే, చెవి తెగకుండా కత్తిరించాడు" అంది. ఆ ముక్కని పక్కకి జరిపి, "మరి పైగొంతు ఎవరు పాడతారే సిగ్నె?" అంది.

నాకప్పటిదాకా తట్టనే లేదు. పదేళ్ళుగా పాట వరస అక్కది. నేను కిందిగొంతు కలిపేదాన్ని, అంతే. అంత పైకి నా గొంతు లేవదు.

"స్టేజి పక్కతెర వెనక నిలబడతాలే. నువ్వు నోరు కదుపు" అంది అక్క.

నేను వద్దనలేదు.

ఆ సాయంత్రం సీట్లు వెతుక్కునేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ముందు వరసలో ఒక ముసలాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చప్పట్లకి నేను మోకాళ్ళు వంచి దండం పెట్టాను. క్రాట్జ్‌కి సంగతి తెలిసిపోయింది. "ఈ ఏర్పాటు బాగుంది, శనివారం దాకా ఇలాగే కానివ్వండి" అని వెళ్ళిపోయాడు.

వారమంతా రోజుకి రెండు ఆటలు. ప్రతి ఆటకీ అక్క తన నీలం గౌను ఇస్త్రీ చేసుకుని, జడ చుట్టుకుని, బుగ్గలకి రంగు పూసుకుని ఆ చీకట్లో నిలబడేది. "ఎవరు చూస్తారనక్కా?" అని ఒకసారి అడిగాను. "మామూలు బట్టల్లో నాకు పాట రాదే" అంది. ఈ ఆటకి చెయ్యి పట్టుకుని స్టేజి మీదికి లాక్కొచ్చేస్తాను అని రోజూ అనుకునేదాన్ని. మా మధ్య మూడడుగులు. అనుకోవడానికేం, అనుకుంటూనే ఉన్నాను.

శనివారం ఆఖరి ఆటలో జనం లేచి నిలబడ్డారు. మళ్ళీ పాడమని బాల్కనీ నుంచి కేకలు. నేను వంగి దండం పెడుతూ పక్కకి చూశాను. ఆ కేకలకి అక్క మైమరిచినట్టుంది. పదేళ్ళ అలవాటు కదా, గౌను అంచులు రెండు చేతులా పట్టుకుని, నవ్వుమొహంతో, దండం పెట్టడానికి ఒక అడుగు ముందుకేసింది.

నేను వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను.

అక్క ఆ అడుగు వెనక్కి తీసుకుంది. పాట మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. నేను నోరు కదిపాను.