రొయ్యలకు నచ్చే నీళ్లు

దైవాధీనం మచిలీపట్నంలో ముప్పై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాడు. ఆ ముప్పై ఏళ్లూ అద్దె ఇళ్లలోనే గడిచాయి. ఈ వేసవిలో పెడన రోడ్డులో మొదటిసారి సొంత ఇల్లు కొన్నారు. అదైనా ఇంటిని చూసి కాదు, పెరట్లో పాత యజమాని కట్టించుకున్న చిన్న స్విమ్మింగ్ పూల్ చూసి. ఆ ముచ్చట భార్య హెప్సిబాది. పుట్టింది నాగాయలంకలో, కృష్ణ ఒడ్డున. కానీ ఆడపిల్లవంటూ ఎవరూ ఏట్లో దిగనివ్వలేదు. ఏభై దాటాకైనా ఈత నేర్చుకోవాలని పట్టుబట్టింది.

"నీళ్ల సంగతి నాకొదిలెయ్" అన్నాడు దైవాధీనం. "పీహెచ్ అంటే ఏంటో ఈ ఊళ్లో సగం మందికి నేర్పింది నేనే."

బోరు నీళ్లతో పూల్ నింపి, డబ్బా మీద రాసినట్టే క్లోరిన్ పొడి కలిపాడు. నాలుగో రోజుకు నీళ్లు లేతాకుపచ్చగా మారాయి. డోసు పెంచాడు. వారం తిరిగేసరికి అడుగు కనబడటం మానేసింది.

హెప్సిబా రోజూ కాఫీ గ్లాసుతో వచ్చి తొంగిచూసేది.

"ఇవాళ ఏం పాఠం చెప్పారండీ నీళ్లకి?"

"రియాక్షన్‌కి టైం పడుతుంది."

ఆమె ముప్పై పడకల ఆస్పత్రిలో నర్సు. "మా వార్డులో డోసు పెంచినా జ్వరం తగ్గకపోతే ఇంకో డాక్టర్ని పిలుస్తామండి" అంది నెమ్మదిగా.

ఆ ఇంకో డాక్టరు ఆమె తమ్ముడు కృపావరం. దివిసీమలో రొయ్యల చెరువులు చేస్తాడు. ఒకప్పుడు దైవాధీనం దగ్గరే చదివి కెమిస్ట్రీ రెండుసార్లు తప్పాడు. ఏ పెళ్లిలో కలిసినా ఆ సంగతి పదిమందికీ గుర్తుచేయనిదే దైవాధీనానికి భోజనం సయించేది కాదు.

ఆదివారం ఆరాధన అయ్యాక కృపావరం బండి మీద వచ్చాడు. ప్లాస్టిక్ పెట్టెలోంచి చిన్న గాజు సీసా తీసి, నీళ్లు ముంచి, మందు చుక్కలు వేసి, రంగు చూశాడు.

"పీహెచ్ ఎనిమిదిన్నర ఉందండి బావగారూ. ఆల్కలినిటీ కూడా బాగా ఎక్కువ. రొయ్యలకైతే వంక పెట్టక్కర్లేదు. రేపే రొయ్యపిల్లని వదిలెయ్యొచ్చు."

హెప్సిబా మొహం అటు తిప్పుకుంది. ఆమె భుజాలు కదలడం దైవాధీనం చూడనట్టే ఉన్నాడు.

"క్లోరిన్ రోజూ వేస్తూనే ఉన్నాగా."

"పీహెచ్ ఇంతుంటే క్లోరిన్ సరిగా పనిచెయ్యదండి. పైగా ఆ పొడితో ఇంకా పెరుగుద్ది. ముందు యాసిడ్‌తో దించాలి. క్లోరిన్ ఆ తర్వాత, అది కూడా పొద్దు వాలాక. మీరెప్పుడు వేస్తున్నారు?"

"పొద్దున్నే. కాలేజీకి వెళ్లేముందు."

"మధ్యాహ్నానికల్లా ఎండకి ఎగిరిపోద్దండి."

దైవాధీనానికి చెవులు వేడెక్కాయి. ఏటా బోర్డు మీద రాసే సమీకరణమే అది. రాశాడు, తుడిచాడు, మళ్లీ రాశాడు. ఇలా పెరట్లో పచ్చగా ఎదురవుతుందని ఎన్నడూ అనుకోలేదు.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఒక ఏడాది చెరువులో రొయ్యలన్నీ పోయాయండి. అప్పుడు కూర్చుని నేర్చుకున్నాను. మీ క్లాసులోనే నేర్చుకుందును గానీ, మీరెక్కువగా బయటే నిలబెట్టేవారు కదండీ." నిష్ఠూరంగా అనలేదు, జరిగింది చెప్పాడంతే.

దైవాధీనం చేతులకు గ్లౌజులు తొడుక్కుని బకెట్ తెచ్చాడు. "ముందు నీళ్లు. తర్వాత యాసిడ్" అన్నాడు.

"అవునండి. మీరు చెప్పినవాట్లో అదొక్కటీ మర్చిపోలేదు" అన్నాడు కృపావరం.

మోటారు నడుస్తుండగా ఇద్దరూ, కృపావరం తెచ్చిన యాసిడ్ కలిపిన నీళ్లను లోతైన వైపు కొద్దికొద్దిగా పోశారు. తర్వాతి మూడు రోజులూ దైవాధీనం సాయంత్రాలే క్లోరిన్ వేశాడు, అడుగున చేరిన నాచు తోడించాడు, పొద్దునా సాయంత్రం ఫోన్‌లో బావమరిదికి అంకెలు చెప్పాడు. గురువారానికి అడుగున నీలం పలకలు కనబడ్డాయి. పీహెచ్ ఏడున్నరకు దిగింది.

శనివారం పొద్దున హెప్సిబా పాత చుడీదార్‌తో నడుము లోతు నీళ్లలోకి దిగి, గట్టు పట్టుకుని నిలబడింది. దైవాధీనం కొత్తగా కొన్న టెస్ట్ కిట్‌తో వచ్చాడు.

"కాసేపు కదలకు. శాంపిల్ తీసుకోవాలి."

ఆమె దోసెడు నీళ్లు ఆయన చొక్కా మీద చల్లింది. "దిగి తీసుకోండి."

"నాకు ఈత రాదే."

"తెలుసు. మా తమ్ముడు నేర్పుతానన్నాడు, ఇద్దరికీ. రేపు వస్తున్నాడు."

దైవాధీనం కిట్ పక్కన పెట్టి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, మెట్టు మీద కూర్చుని ముందు ఒక పాదం నీళ్లలో పెట్టాడు.