బస్సు వేళను సరిగ్గా చదివించిన మార్పు

నేను ఒక మార్పును. పట్టుమని పది పంక్తులు కూడా లేని కోడ్‌ని. చూపులేనివారికి తెరమీది తెలుగును చదివి వినిపించే ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కోసం పుట్టాను. దాని కోడ్‌ను ఎవరైనా చూడవచ్చు, బాగుచేసి పంపవచ్చు. చేర్చుకోవడమా, తిప్పికొట్టడమా అన్నది మాత్రం నెల్లూరులో ఉండే దామోదరం ఇష్టం.

నన్ను రాసింది ఆదోని అమ్మాయి నూర్జహాన్. బస్సు వేళ 6.45 అని ఉంటే ఆ సాఫ్ట్‌వేర్ "ఆరు పాయింట్ నాలుగు అయిదు" అని చదివేది. అది విని తికమకపడి, చూపులేని ఆమె చెల్లెలు షాహీన్ పరీక్షకు వెళ్లాల్సిన బస్సు అందుకోలేకపోయింది. ఆ కోపంలోంచే నేను పుట్టాను. నేనుంటే "ఆరు నలభై అయిదు" అని వినిపిస్తుంది. నా నెత్తిన నూర్జహాన్ ఒక మాట కూడా రాసింది: "ప్రస్తుతానికి ఇంతే, తిట్టుకోకండి."

అది చూడగానే దామోదరం ముఖం మాడిపోయింది. అది సాల్మన్ తన కోడ్ నెత్తిన ఎప్పుడూ రాసే మాట. ఈ పనిని ఇద్దరూ కలిసే మొదలుపెట్టారు. ఒకసారి సాల్మన్ రాసినదాన్ని దామోదరం చెప్పకుండా తీసేశాడు. మాటా మాటా పెరిగి, సాల్మన్ బాపట్ల వెళ్లిపోయాడు. మళ్లీ ఇటు తొంగిచూడలేదు.

"దొంగపేరుతో వచ్చాడన్నమాట!" అనుకున్నాడు దామోదరం.

"మీరెవరు? మిమ్మల్ని ఎవరు పంపారు?" అని నూర్జహాన్‌కు రాశాడు.

"ఎవరూ పంపలేదు సార్. తప్పుంటే చెప్పండి, దిద్దుతాను" అని జవాబొచ్చింది.

ఆ వినయం చూసి అనుమానం ఇంకా ముదిరింది. సాల్మన్‌కు ఇంత మర్యాద ఎక్కడిది? నటన! మనుషులు చిత్రమైనవాళ్లు, మర్యాదగా మాట్లాడినా నేరమే. నన్ను పక్కన పడేసి, ఆమె ఎవరో, ఇంతకుముందు ఏం రాసిందో వెతికాడు. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి అనుమానం కాస్తా రూఢి అయిపోయింది.

ఆఖరికి ఉండబట్టలేక సాల్మన్‌కే ఫోన్ చేశాడు.

"ఏరా, నూర్జహాన్ ఎవరు?"

"ఇన్నేళ్లకి ఫోన్ చేసి, బాగున్నావా అనైనా అనకుండా ఇదేం ప్రశ్నరా?" అన్నాడు సాల్మన్.

"నాటకాలాడకు. ఆ 'తిట్టుకోకండి' నీదే."

"నాదే. నా పాత కోడంతా అక్కడే పడుందిగా, చదివి నేర్చుకుందేమో. ఉండు, చూడనీ."

నన్ను మొదటి పంక్తి నుంచి చివరిదాకా చదివాడు సాల్మన్. ఉన్నట్టుండి నవ్వాడు.

"ఒరేయ్, బియ్యం 12.50 కిలోలు అని ఉంటే? దీన్ని చేర్చావంటే 'పన్నెండు యాభై కిలోలు' అంటుంది. బియ్యం బస్తా కూడా బస్సెక్కుతుంది! నువ్వు చూళ్లేదా?"

దామోదరం చూడలేదు. రాసిన మనిషి కూపీ లాగుతూ, రాసినదాన్ని చదవనేలేదు. నాలో లోపముందని నాకూ అప్పుడే తెలిసింది.

"ముందే చదవాల్సింది. ఏమీ అనుకోకమ్మా" అని నూర్జహాన్‌కు రాసి, లోపం వివరించాడు. ఆమె నన్ను దిద్ది పంపింది. ఈసారి సాల్మన్, దామోదరం ఫోన్లో మాట్లాడుకుంటూ ఇద్దరూ చదివారు. చేర్చుకున్నారు.

రేపు నన్ను చెరిపేసి, నాకన్నా మంచిదాన్ని ఇంకెవరో పంపుతారు. మా జాతికి అదే చావు. వాళ్లనూ దామోదరం అనుమానించక మానడు. అనుమానించనీ. ముందు చదివితే చాలు.