గుహ చేపకు కన్ను

ఇంట్లో అందరూ ఆమెను పిచ్చుక అనే పిలిచేవారు. జంతుశాస్త్రం చదివిన ఆమెకు ఒక పరిశోధనశాలలో శిక్షణకు పిలుపు వచ్చిన ఏడాదే తండ్రికి చూపు పూర్తిగా పోయింది. ఆయన బస్సు డ్రైవరు. నీటికాసుల జబ్బు రెండు కళ్లనూ మెల్లగా తినేసింది. తల్లి ఎప్పుడో పోయింది. శిక్షణకు వెళ్లనంది పిచ్చుక.

“నాకు కాపలా కూర్చుంటావా? నేనేమన్నా గోడౌనా?” అన్నాడు తండ్రి. “మీ అత్త వచ్చి ఉంటానంది. నువ్వు బయల్దేరు.”

పరిశోధనశాలలో పని గుహల్లో బతికే చేపల మీద. తరతరాలుగా చీకట్లో ఉన్న ఆ జాతికి కళ్లు లేవు. అయినా గుడ్డులో పిల్ల తయారయ్యేటప్పుడు రెండు కళ్లూ మొదలవుతాయి. కొద్దికాలానికే లోపలి కటకం, అంటే లెన్స్, చచ్చిపోతుంది, కన్ను చర్మం కిందికి కుంగిపోతుంది. వెలుతుర్లో బతికే దాయాది చేప పిండం నుంచి కటకం తీసి గుహ చేప పిండంలో అమర్చడం పిచ్చుక నేర్చుకోవలసిన విద్య. పిండం ఆవగింజంత కూడా ఉండదు. సూది మొన కాస్త జారితే అంతే సంగతులు.

చాలా పిండాలు చచ్చాయి. ల్యాబ్ నడిపే మేడం కోప్పడలేదు. “ఊపిరి బిగబట్టకు, చెయ్యి వణుకుతుంది” అని మాత్రం అనేది.

చివరికి ఒకటి నిలిచింది. పిల్ల చేపకు ఒకవైపు నున్నటి చర్మం, రెండోవైపు నల్లగా మెరిసే కన్ను. పిచ్చుక వెంటనే తండ్రికి ఫోన్ చేసింది.

“అయితే చూస్తోందా?” అన్నాడు.

“ఇంకా తెలీదు నాన్నా. పరీక్షించాలి.”

మర్నాడూ అదే అడిగాడు. ఆ మర్నాడూ అదే. ఈలోగా అత్త ఫోన్ తీసుకుని, “మా అమ్మాయి కన్ను మొలిపించిందని మీ నాన్న వీధంతా చెప్పుకొస్తున్నాడే” అంది. తన కళ్లకూ చూపొస్తుందని ఆయన ఆశ పెట్టుకున్నాడని పిచ్చుకకు అప్పుడు అర్థమైంది.

చేప పెద్దదయ్యాక పరీక్షలు చేశారు. దీపం వేసినా, నీడ కదిపినా అది బెదరలేదు. మళ్లీ చేసినా అంతే.

“కన్ను వచ్చింది, చూపు రాలేదు. ఉన్నదున్నట్టు రాయి” అంది మేడం.

రాయడం తేలికే. తండ్రికి ఫోన్‌లో చెప్పడానికి మాత్రం ఆమెకు నోరు రాలేదు. మేడం అనుమతితో ఆయన్ని ల్యాబ్‌కే రప్పించి, చేపల తొట్టి పక్కన కూర్చోబెట్టింది.

“అది చూడలేకపోతోంది నాన్నా. కన్నుకీ మెదడుకీ మధ్య ఏం కుదర్లేదో మాకూ తెలీదు. దీనికీ నీ జబ్బుకీ సంబంధం కూడా లేదు. ఆ మాట ముందే చెప్పాల్సింది.”

“ఇంజనుంది, గేరు పడలేదన్నమాట.” ఆయన చేత్తో తొట్టి అంచు తడిమాడు. “డాక్టరు ఇక చూపు రాదని ఎప్పుడో చెప్పాడమ్మా. తెలిసీ ఆశపడ్డాను. అందులో నీ తప్పేముంది?”

పిచ్చుక ఆయన చేతులు కడిగించి, ఒక వేలు నీళ్లలో పెట్టించి మెల్లగా కదపమంది. అందులోని మామూలు గుహ చేపలు ఒక్కొక్కటే వచ్చి వేలిని తాకాయి.

“వీటికెలా తెలిసింది?”

“నీళ్లు కదిలితే ఒంటికి తెలుస్తుంది.”

“అన్నీ గుడ్డివేనా?”

“అన్నీ.”

ఆయన వేలు తియ్యలేదు. మేడం తెచ్చిన టీ చల్లారిపోయింది.

శిక్షణ ముగిశాక పిచ్చుక అక్కడే పరిశోధనలో చేరింది. సాయంత్రాలు ఇప్పటికీ ఆయనే ఫోన్ చేస్తాడు. చూపు సంగతి ఎత్తడు. “ఇవాళ పిండాలు బతికాయా?” అంటాడు. బతకని రోజున, “రేపు చూద్దాంలే, ముందు తిను” అంటాడు.