సొన పొక్కులు

ఛీ, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది నాకు.

మండలాలొచ్చిన ఏడాది అది. నూజివీడులో డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాం. పరీక్షలు దగ్గరపడ్డాక ఓ పొద్దున చూస్తే మా క్లాసు గోడ మీద ఎవడో మామిడి సొనతో రాశాడు, 'తట్టలు మోసే జాతికి డిగ్రీ ఎందుకు?' అని. తెల్లటి సున్నం మీద అక్షరాలు నల్లగా తేలాయి. అది భాగ్యవతి గురించేనని అందరికీ తెలుసు. చాట్రాయి తోటల్లో కాయలు కోసే కూలీల పిల్ల. బెంచీ మీద నా పక్కనే కూచునేది, క్లాసులో ఫస్టు.

నేనూరుకుంటానా? ప్రిన్సిపాల్ గదికెళ్లి, ఇలాంటివి రాసినవాణ్ణి పరీక్ష రాయనివ్వకూడదని రూలు పెట్టండి సార్ అని గొడవ చేశాను.

"సరదాకి రాసుంటారు. మాటలకి కూడా శిక్షేంటి సార్?" అన్నాడు మామిడికాయల షావుకారు కొడుకు జగన్మోహనరావు. మగపిల్లలు చాలామంది వాడి వైపే.

"వద్దులేవే ఉమా, తుడిచేస్తే పోతుంది" అంది భాగ్యవతి. నోరు మూసుకోమన్నాను. రూలొచ్చింది. నోటీసుబోర్డు ముందు ఎంత పొంగిపోయానో!

మర్నాడు ప్రిన్సిపాల్ గారు క్లాసుకొచ్చి అందర్నీ చేతులు చాపమన్నారు. సొన తగిలిన చెయ్యి పొక్కకుండా ఉండదు కదా, అదీ ఆయన తెలివి. రాసినవాడు ఏ పుల్లతో రాశాడో ఏమో, తోటలున్నవాళ్ల పిల్లల చేతులన్నీ శుభ్రంగా ఉన్నాయి, నావీ అంతే. పొక్కులున్నది ఒక్క భాగ్యవతికే. సెలవొస్తే కాయలు కోసేది అదే మరి!

"జాలి కోసం నీ మీద నువ్వే రాసుకున్నావా?" అన్నారాయన.

ఓరి దేవుడో! నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను. "అంతే సార్, అంతే!" అని వెనక బెంచీలు అరిచాయి. రూలే వద్దన్న నోళ్లు! దాని హాల్ టికెట్ లాగేసుకున్నారు. భాగ్యవతి ఏడవలేదు. నాకేసి ఒకసారి చూసి బయటికి నడిచింది.

నాకు పిచ్చెక్కినట్టయింది. ఇంటికెళ్లి మా తోటలో పచ్చికాయ తెంపి, తొడిమ దగ్గర కారే సొనంతా చేతికి పులుముకున్నాను. అమ్మో, ఏం మంట! తెల్లారేసరికి పొక్కిన ఆ చెయ్యి తీసుకెళ్లి ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పెట్టాను.

"చూడండి సార్, నాకూ ఉన్నాయి. నా హాల్ టికెట్ కూడా తీసుకోండి."

ఆయన కంగారుగా లేచారు. "అయ్యయ్యో, అదేంటమ్మా! బసవపున్నారావుగారి అమ్మాయివి, నువ్వెందుకు రాస్తావు? ముందు ఇంటికెళ్లి కొబ్బరినూనె రాయించుకో."

భాగ్యవతి హాల్ టికెట్ ఆయన ముందు పేపర్‌వెయిట్ కింద అలాగే ఉంది.